వాళ్లకి రాష్ట్రం పేరు, మనకి ఇంటిపేరు

అమెరికాలో తెలుగువాడి మీద తుపాకీ పేలితే, జాత్యహంకారం అంటే ఏమిటో మన టీవీ చానళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో ఒకడు 'మా దేశం వదిలి పొండి' అని అరుస్తూ శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపాడు. ఆ వార్త ఇక్కడికి చేరిన దగ్గర్నుంచి తెర నిండా ఎర్రక్షరాలే. శ్రీనివాస్ ఏం చదివాడు, ఏ కంపెనీలో ఇంజనీరు, పక్కనే గాయపడ్డ స్నేహితుడెవరు, అడ్డుపడబోయి తూటా తిన్న తెల్లవాడెవరు, అన్నీ మనకి తెలిశాయి. తెలియాలి కూడా. చానళ్లు ఆ మూడు నాలుగు రోజులూ చేసింది సరైన పనే.

అప్పట్లో వచ్చిన వార్తల్లో ఒక సంగతి మాత్రం నన్ను వదల్లేదు. కాల్చినవాడు పొరుగు రాష్ట్రానికి పారిపోయి, అక్కడ ఒక రెస్టారెంట్‌లో 'ఇద్దరు ఇరానీయుల్ని కాల్చాను' అని చెప్పాడు. అంటే ఇరాన్‌వాడు ఎలా ఉంటాడో వాడికి తెలీదు, తెలుగువాడు ఎలా ఉంటాడో అసలే తెలీదు. కోపం మాత్రం దండిగా ఉంది. పక్కింటివాడి మీద కోపమంటే గోడ దగ్గరో కాలువ దగ్గరో పుడుతుంది. ఎన్నడూ చూడని జనం మీద కోపం అలా పుట్టదు. దాన్ని ఎవరో ఒకరు మోసుకొచ్చి ఇంట్లో దింపాలి. ఆ మోత పని పేపరు చేస్తుంది, రేడియో చేస్తుంది, టీవీ చేస్తుంది, ఇప్పుడు ఫోను చేస్తోంది.

అమెరికా మీడియా ఆ పని ఎలా చేసిందో రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళంలో మనం ఎలా చేస్తున్నామో రాసేవాళ్లు తక్కువ. నాకు తెలిసినంతవరకూ అది రాస్తాను.

నేను కొన్నేళ్లు ఒక దినపత్రికకి మండల కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. లైన్ అకౌంట్ మీద బతుకు, ఎంత అచ్చయితే అంత డబ్బు. దొంగతనం కేసుల వార్త ఎలా పుడుతుందో చెబుతాను. పోలీసులు ప్రెస్‌మీట్ పెడతారు. టేబుల్ మీద పసుపు గుడ్డ పరిచి, దాని మీద గొలుసులు, గాజులు, రెండు సెల్‌ఫోన్లు పేరుస్తారు. వెనకాల నిందితులు మొహానికి నల్ల ముసుగులతో వరసగా నిలబడతారు. మన చేతికి ఒక ప్రెస్‌నోట్ వస్తుంది. అందులో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, మండలం అన్నీ ఉంటాయి. మనం ఉన్నది ఉన్నట్టు రాసి పంపుతాం. పొద్దున్న జిల్లా పేజీ తెరిస్తే, దొంగ టెక్కలివాడైతే 'ఇద్దరు దొంగల అరెస్టు' అని ఉంటుంది. గంజాం జిల్లావాడైతే 'ఒడిశా ముఠా గుట్టు రట్టు'. ఇంకా పైనుంచి వచ్చినవాడైతే 'బీహార్ గ్యాంగ్ హల్‌చల్'. ముఠా అంటే ఎంతమందో అనుకునేరు. ఇద్దరే. టెక్కలివాళ్లూ ఇద్దరే కదా మరి!

ఒకసారి డెస్కులో ఉన్న కుర్రాణ్ని అడిగాను, ఎందుకిలా మారుస్తారని. 'హెడ్డింగ్‌లో పేరు పెడితే ఎవరికి తెలుసు గురువుగారూ? ఒడిశా అంటే ఆగి చదువుతారు' అన్నాడు. అతనికి ఒడియావాళ్ల మీద కోపమేమీ లేదు. వాళ్ల మేనత్తని ఇచ్చిందే బరంపురం. రెండు కాలమ్‌ల స్థలంలో ఇమిడే హెడ్డింగ్ కావాలి, రాత్రి పదికల్లా పేజీ వదలాలి, అంతే అతని బాధ. ద్వేషం వ్యాపించడానికి ద్వేషించేవాడు ఉండి తీరాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. పేజీ టైముకి వదలాలన్న తొందర చాలు.

పైగా ఒడిశా మనకెంత దూరం? ఇచ్ఛాపురంలో ఎన్ని ఇళ్లకి బరంపురంలో వియ్యంకులు లేరు? పర్లాకిమిడి దాటకుండా పాతపట్నంవాళ్లకి రోజు గడుస్తుందా? సంతకి, ఆసుపత్రికి, పెళ్లికి పొరుగూరే. దొంగతనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది వేరే దేశమైపోతుంది.

దీన్ని తిరగేసి చూడండి. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఎవడో సిక్కోలు కుర్రాడు చెయ్యకూడని పని చేసి దొరికి, అక్కడి పేపరు 'శ్రీకాకుళం ముఠా' అని వేసిందనుకోండి. మన డే అండ్ నైట్ జంక్షన్‌లో టీ తాగుతున్న ప్రతివాడికీ ఒళ్లు మండుతుంది. 'ఒక్కడు చేస్తే జిల్లా మొత్తానికి అంటిస్తారా?' అంటాం. ఆ కోపం న్యాయమైనదే. దాన్ని ఇవతలి వైపు కూడా వాడమంటున్నాను.

డెస్కువాళ్లు వాడుకోదగ్గ పరీక్ష ఒకటుంది. హెడ్డింగ్‌లోంచి జాతి పేరో రాష్ట్రం పేరో తీసేసి చూడాలి. వార్త మారిందా? కాన్సాస్ వార్తలోంచి జాతి తీసేస్తే వార్తే మిగలదు, ఎందుకంటే అక్కడ చావుకి కారణమే అది. గొలుసు దొంగతనంలోంచి ఒడిశా తీసేస్తే గొలుసు పోయిన సంగతి అలాగే ఉంటుంది. మరి అక్కడ ఒడిశా ఏం పని చేస్తున్నట్టు? చదివేవాడి బుర్రలో ఒక గూడు కట్టే పని చేస్తోంది.

జర్మనీలో పత్రికల నియమావళి ఇదే మాట వేరేగా చెబుతుంది. నిందితుడి జాతి, మతం లాంటివి మామూలుగా రాయకూడదు, ప్రజాప్రయోజనం ఉంటేనే రాయాలి. 2015 డిసెంబరు 31 రాత్రి కొలోన్ నగరంలో ఆడవాళ్ల మీద మూకుమ్మడి లైంగిక దాడులు జరిగాక ఆ నియమం మీద పెద్ద గొడవ నడిచింది. అనుమానితుల్లో ఎక్కువమంది ఉత్తరాఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. వార్తని వెంటనే ఇవ్వనందుకు జెడ్‌డీఎఫ్ అనే ప్రభుత్వరంగ చానల్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మీడియా దాస్తోందన్న అనుమానం జనంలో పడితే, ఆ ఖాళీని నింపడానికి అంతకన్నా ఘోరమైన నోళ్లు సిద్ధంగా ఉంటాయి. 2017లో ఆ నియమాన్ని సవరించారే తప్ప ఎత్తెయ్యలేదు. నేను చెప్పేదీ దాచమని కాదు. ప్రెస్‌నోట్‌లో ఉన్న పేరు, ఊరు లోపల రాయండి. హెడ్డింగ్‌లోకి ఎక్కించేముందు ఒక్క నిమిషం ఆగండి. మన ప్రెస్ కౌన్సిల్ నియమాల్లోనూ ఇలాంటిదే ఉంది, కించపరిచేలా కులం పేరు వాడకూడదని. కౌన్సిల్‌కి మందలించే అధికారం ఉంది గానీ జరిమానా వేసే అధికారం లేదు. అందుకే ఆ నియమం ఉన్న సంగతి కూడా డెస్కులో చాలామందికి తెలీదు.

ఇక మనవాళ్లు అవతలి వైపు ఉన్నప్పుడు ఏమైందో చూద్దాం. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న అపార్టుమెంటు కూలింది. 61 మంది పోయారు. వాళ్లలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు. చెన్నై నుంచి మొదట వచ్చిన వార్తల్లో వాళ్లొక అంకె. మన జిల్లా ఎడిషన్లలో మాత్రం ఒక్కొక్కరికీ ఇంటిపేరుంది, ఊరుంది, ఎవరి పెళ్లికి చేసిన అప్పు తీర్చడానికి వెళ్లారో ఆ కథ ఉంది. శవం ఎప్పుడొచ్చింది, ఎంతమంది పిల్లలు, ఇంటి పైకప్పు ఏమిటి, అన్నీ రాశారు. మనుషుల గురించి ఎలా రాయాలో మన విలేఖరులకి తెలుసు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ పేపర్లే పైడిభీమవరం దగ్గరికి వచ్చేసరికి ఆ చదువంతా మర్చిపోతాయి. రణస్థలం మండలంలోని ఆ ఫ్యాక్టరీల్లో బీహార్, ఒడిశా, బెంగాల్, అస్సాం కుర్రాళ్లు పనిచేస్తుంటారు. మన పిల్లలు చెన్నై వెళ్లినట్టే వాళ్లు ఇక్కడికొచ్చారు. ప్రమాదంలో ఒకడు పోతే 'బీహార్ కార్మికుడి మృతి'. లోపలి పేజీలో, అడుగున, నాలుగు లైన్లు. పేరు రాసినా తప్పులతో రాస్తారు. వాళ్లమ్మకి ఫోన్ చేసి మాట్లాడినవాడు ఉండడు, హిందీ రాదంటారు. హిందీ రాకపోవడం తప్పు కాదు, ఆ గదుల్లో తెలుగు నేర్చుకున్న కుర్రాడు ఒకడైనా ఉంటాడు, అడిగితే మాట కలుపుతాడు.

2023 జనవరిలో సియాటిల్‌లో ఆదోని అమ్మాయి జాహ్నవి కందులని పోలీసు కారు గుద్ది చంపింది. ఇంకో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్లకి చెక్కు రాస్తే సరిపోతుందనీ, ఆమె విలువ పరిమితమనీ అన్నాడు. అతని ఒంటి మీది కెమెరాయే ఆ మాటల్ని రికార్డు చేసింది. ఆ రికార్డింగ్ సెప్టెంబరులో బయటికొచ్చాక ఇక్కడా అక్కడా పత్రికలు వదిలిపెట్టలేదు, 2024 జులైలో అతని ఉద్యోగం ఊడింది. ఆ మాటల్లో జాతి ప్రస్తావన ఎక్కడా లేదు. అయినా తెలుగువాళ్లందరికీ ఎక్కడో తగిలింది, పరాయి పిల్ల కాబట్టే అంత తేలిగ్గా ధర కట్టాడని. మరి పోస్టుమార్టం గది బయట కాంట్రాక్టరు మనుషులు పరాయి కుర్రాడి ప్రాణానికి బేరం మాట్లాడుతుంటే మనం ఏం రాస్తాం? 'బాధిత కుటుంబాన్ని ఆదుకుంటామని యాజమాన్యం హామీ ఇచ్చింది' అని రాస్తాం. ఎంతకి తెగిందో, ఎవరు తెగ్గొట్టారో అడగం.

పేపరు చేసేది నెమ్మదిగా చేస్తుంది. ఫోను అలా కాదు. 2018 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు పాకింది. పార్ధీ గ్యాంగ్ అన్నారు, బీహార్ గ్యాంగ్ అన్నారు. ఈ పేర్లు జనానికి కొత్తగా నేర్పక్కర్లేకపోయింది, ఏళ్ల తరబడి హెడ్డింగుల్లో చదివినవే. దాంతోపాటు ఒక వీడియో తిరిగింది. బైకు మీద ఇద్దరొచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం ఒక సంస్థ తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ బైకువాళ్లే పిల్లాణ్ని తెచ్చి దింపి, జాగ్రత్తగా ఉండమని ఒక బోర్డు చూపిస్తారు. ఆ ముక్క కోసేసి మన దేశం మీదికి వదిలారు. చాలా రాష్ట్రాల్లో జనం అనుమానం వచ్చినవాళ్లని కొట్టి చంపారు. మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో జులై 1న ఒకే రోజు అయిదుగురు సంచార జాతివాళ్లు పోయారు. ఆ తరవాతే వాట్సాప్ ఒక మెసేజ్‌ని ఒకేసారి అయిదు చాట్లకి మించి పంపకుండా మన దేశంలో పరిమితి పెట్టింది.

ఆ రోజుల్లోనే ఆమదాలవలస స్టేషన్ దగ్గర దుప్పట్లమ్మే మనిషిని చుట్టుముట్టారు. ఏడెనిమిది మంది, అందరూ పాతికలోపు కుర్రాళ్లు, ఇద్దరి చేతుల్లో కర్రలు. ఆధార్ చూపించమన్నారు. చూపించాడు. దాని మీద ఉత్తరప్రదేశ్ అడ్రసు ఉంది. ఆ అడ్రసే వాడి నేరానికి రుజువైపోయింది! వాడు హిందీలో ఏదో అంటున్నాడు, ఎంత మాట్లాడితే అంత అనుమానం. అప్పుడు రోడ్డవతల ముంజలమ్ముకునే ముసలామె బుట్ట వదిలేసి వచ్చింది. 'ఆడు నాలుగేళ్లనించీ దుప్పట్లట్టుకొస్తన్నాడు బావూ. నానే ఆడికింకా రెండొందలివ్వాల. ఆడ్నెందుకు కొడతారు?' అంది. ఆ రెండొందల మాటతో గుంపు సడలిపోయింది. అప్పిచ్చినవాడు, అప్పున్న మనిషి, అంటే ఊరివాడే కదా. ఆ సాయంత్రం లోకల్ కేబుల్‌లో స్క్రోలింగ్ వచ్చింది: 'అనుమానాస్పద వ్యక్తిని పట్టుకున్న స్థానికులు'. మర్నాడు దాన్ని సరిదిద్దుతూ ఏమీ రాలేదు. ఆ స్క్రోలింగ్ మాత్రమే చూసినవాళ్లకి ఆమదాలవలసలో ఒక దొంగ దొరికాడు, అంతే.

ఆఫ్రికా దేశం రువాండాలో ఊచకోతకి తోడైన రేడియో గురించి చదివినప్పుడల్లా నాకు దాని ముందు కథే ఎక్కువ భయం పుట్టిస్తుంది. ఆర్‌టీఎల్‌ఎం అనే ఆ స్టేషన్ 1993లో మొదలైంది. కుర్రకారుకి నచ్చే పాటలు, సరదా కబుర్లు, జోకులు. ప్రభుత్వ రేడియో చప్పదనానికి విసిగిపోయిన జనం దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ జోకుల మధ్యనే టుట్సీ జాతివాళ్లని బొద్దింకలనడం అలవాటు చేశారు. 1994 ఏప్రిల్ నుంచి వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపేటప్పుడు అదే స్టేషన్ ఫలానావాడు ఫలానా చోట ఉన్నాడని పేర్లు, బండి నంబర్లు చదివింది. 2003 డిసెంబరులో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ రేడియో స్థాపకుల్లో ఇద్దరికీ, కంగూర అనే పత్రిక సంపాదకుడికీ శిక్షలు వేసింది. దాన్ని మన జిల్లాతో పోల్చడం లేదు, పోలిస్తే అక్కడ పోయినవాళ్లకి అన్యాయం చేసినట్టే. నేను తీసుకున్నది ఒక్కటే, నవ్వు ముందొచ్చింది, కత్తి వెనకొచ్చింది.

నవ్వు సంగతి సిక్కోలువాళ్లకి చెప్పాలా! మా యాస దశాబ్దాల పాటు సినిమాల్లో పనివాడి నోట, పట్నంలో దారి తప్పిన తింగరివాడి నోట వినిపించింది. ఈమధ్య ఒకటి రెండు సినిమాల్లో హీరో కూడా మాట్లాడుతున్నాడు, సంతోషం. హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లిన మా పిల్లల్ని 'ఏదీ, ఓసారి మీ భాషలో మాట్లాడు' అని అడగని ఆఫీసు ఉండదేమో. ఇది చికాకే గానీ ప్రాణం మీదికొచ్చేది కాదు. దీన్ని జాతి వివక్ష అని పిలిచి ఆ మాట బరువు తగ్గించను. కానీ మనల్ని చూసి ఎవరైనా నవ్వితే ఎలా ఉంటుందో తెలిసిన మనమే, సీతంపేట కొండల మీది సవర గిరిజనుల దగ్గరికొచ్చేసరికి అవతలి కుర్చీలో కూర్చుంటాం.

నా దగ్గర ఇంగ్లీషు చెప్పించుకోవడానికి వచ్చే ఒక సవర అమ్మాయి డిగ్రీ చదువుతోంది. కాలేజీలో కొందరు అబ్బాయిలు ఆమెని చూస్తే నోటితో ఏవో శబ్దాలు చేస్తారట. సినిమాల్లో ఒంటికి నల్లరంగు పూసుకుని, ఈకలు పెట్టుకుని, మంట చుట్టూ గెంతేవాళ్ల చేత చేయించే శబ్దాలు. 'సార్, అవి మా భాషలో లేవు. ఏ భాషలోవి?' అని అడిగింది. ఏ భాషలోవీ కావు, స్టూడియోలో పుట్టినవి. సవర భాష ఎలా ఉంటుందో తెలియడానికి మనకి సాకు కూడా లేదు. మన శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు వందేళ్ల కిందటే ఆ భాష నేర్చుకుని, సవర పిల్లలకి బళ్లు పెట్టి, వ్యాకరణం రాసి, నిఘంటువు కూర్చారు. ఏటా ఆగస్టు 29న పేపర్లన్నీ ఆయన మీద పేజీలు వేస్తాయి. వాడుక భాష గురించే వేస్తాయి. సవర సంగతి చివర్లో ఒక లైను.

'మన దగ్గర ఉన్నది కులం కదండీ, జాతి వివక్ష ఎక్కడుంది?' అనేవాళ్లున్నారు. జాతి వివక్ష నిర్మూలనకి ఐక్యరాజ్యసమితి 1965లో చేసిన ఒప్పందం మీద 1968లో మన దేశం ఆమోదముద్ర వేసింది. అందులో రంగు, పుట్టుక, తెగ అన్నీ ఉన్నాయి. కులం దాని కిందికి రాదని మన ప్రభుత్వం వాదిస్తూనే ఉంది. ఆ అమ్మాయి ముందు శబ్దాలు చేసే అబ్బాయిలకి మాత్రం ఆ వాదనతో పనిలేదు. రంగు సంగతి చెప్పేదేముంది? 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. ట్యూబులో ఉన్న ఆశ అదే. మన న్యూస్ రీడర్ల రంగు కూడా అదే.

ఏజెన్సీ గురించి తెలుగు మీడియా రాయదని మాత్రం అనను. రాస్తుంది, ముఖ్యంగా డోలీ వార్తలు. వెదురు బొంగుకి దుప్పటి కట్టి, నిండు గర్భిణిని అందులో పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోస్తూ రాళ్ల దారిలో దిగుతుంటారు. వర్షాకాలం వచ్చిందంటే ఇలాంటి ఫోటోలు వస్తూనే ఉంటాయి. వాటివల్ల కొన్ని ఊళ్లకి రోడ్లు పడ్డాయి, అంబులెన్సులు కదిలాయి. ఆ మేలు తక్కువది కాదు. కాకపోతే ఏడాది పొడుగునా అదొక్కటే ఫోటో అయితే మైదానంలో ఉన్నవాడికి గిరిజనురాలంటే దుప్పటి మూటే. మొహం కనపడదు, పేరు ఉండదు, 'అడవి బిడ్డ కష్టాలు' అని హెడ్డింగ్ ఉంటుంది. జాలికీ చిన్నచూపుకీ మధ్య దూరం చాలా తక్కువ. రెండూ పైనుంచి కిందికే చూస్తాయి.

ఫోటో తియ్యొద్దంటున్నానా? లేదు. 1955లో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లాణ్ని గుర్తుపట్టలేనంతగా కొట్టి చంపారు. తల్లి మేమీ శవపేటిక మూత తీసే ఉంచమంది, తన కొడుక్కి ఏం చేశారో లోకం చూడాలంది. జెట్ అనే నల్లజాతి పత్రిక ఆ మొహాన్ని అచ్చువేసింది. అమెరికాలో ఒక తరాన్ని ఆ ఫోటో కదిలించింది. అంతకన్నా భయంకరమైన ఫోటో ఉండదు, అయినా ఆ పిల్లాడి గౌరవం పోలేదు. అక్కడ ఫోటో వెయ్యమన్నది తల్లి. పేరు వేశారు, వయసు వేశారు, చంపినవాళ్లెవరో రాశారు. డోలీలో పడుకున్న ఆమెని ఫోటో తియ్యమంటావా అమ్మా అని ఎవరైనా అడిగారా? రోడ్డు మంజూరై కూడా ఎందుకు పడలేదో, బిల్లు ఎవరి దగ్గర ఆగిందో రాశారా? అది రాస్తే జాలి పోయి వార్త మిగులుతుంది.

మీడియా జాతి వివక్షతో ఎలా పోరాడాలి అంటే వెంటనే సమైక్యత సందేశాలు, ప్రత్యేక సంచికలు, చేతులు కలిపిన బొమ్మలు గుర్తొస్తాయి. వాటివల్ల ఒక్కడి మనసూ మారదని నా నమ్మకం. నాకు నచ్చిన పోరాటం అమెరికా నల్లజాతి విలేఖరి ఐడా బి. వెల్స్‌ది. 1892లో మెంఫిస్‌లో ఆమె స్నేహితుడినీ, అతనితోపాటు మరో ఇద్దరు నల్లవాళ్లనీ తెల్లవాళ్ల మూక చంపేసింది. ముగ్గురూ కిరాణా దుకాణం నడుపుకునేవాళ్లు. ఆ కాలపు పేపర్లు ఇలాంటి మూకహత్యలన్నిటికీ ఒకటే కారణం రాసేవి, తెల్ల ఆడవాళ్ల మీద నల్లవాళ్ల అత్యాచారం అని. వెల్స్ ఊరూరూ తిరిగి ఒక్కో కేసూ విచారించింది. చాలాచోట్ల అసలు ఆ ఆరోపణే లేదని తేలింది. అప్పు, వ్యాపారంలో పోటీ, ఎదురు మాట్లాడటం, ఇవీ కారణాలు. ఆ సంగతి రాసినందుకు ఆమె పత్రికాఫీసుని ధ్వంసం చేశారు. ఊళ్లో అడుగుపెట్టలేని పరిస్థితి వచ్చినా ఆపలేదు. 1895లో వేసిన పుస్తకంలో లెక్కలన్నీ తెల్లవాళ్ల పత్రికల్లోంచే తీసింది, తన సొంత అంకె అని ఎవరూ తోసెయ్యకుండా. పులిట్జర్ గౌరవం ఆమెకి 2020లో దక్కింది. ఇంతకీ ఆమె చేసింది మామూలు విలేఖరి పని. ముఠా అన్నచోట ఎంతమంది అని అడగడం, కారణం అన్నచోట ఎవరు చెప్పారని అడగడం.

ఆ పని మన జిల్లాలోనూ చెయ్యొచ్చు. కాకపోతే లైన్ అకౌంట్ మీద బతికే కంట్రిబ్యూటర్‌కి ఆమదాలవలస దుప్పట్ల మనిషి మర్నాటి వార్త రాస్తే ఎన్ని లైన్లొస్తాయి? పెట్రోలు ఖర్చు కూడా రాదు. గుంపు పట్టుకున్న వార్తకి బాక్సు కడతారు, గుంపు పొరబడిందన్న వార్తకి చోటుండదు. కాబట్టి తప్పంతా కిందనున్న విలేఖరిదని నేను ఒప్పుకోను. ఏ వార్తకి ఎంత చోటో తేల్చేవాళ్లు పైన ఉన్నారు. ఆ పైన, నేను చూసిన డెస్కుల్లో, సవర ఇంటి నుంచి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఒడియా ఇంట్లో మాట్లాడుకునేవాళ్లు ఒకరిద్దరున్నారు, ఆఫీసులో ఆ సంగతి బయటికి చెప్పరు.

అందుకే ఈమధ్య సీతంపేట వైపు కుర్రాళ్లు సొంతంగా పెట్టుకుంటున్న యూట్యూబ్ చానళ్లు నాకు ఆశగా కనిపిస్తాయి. నాకు తెలిసిన ఒకతను సవరలోనూ తెలుగులోనూ వీడియోలు చేస్తాడు. సంతలో అనాసపండ్ల ధర ఎంత పలికింది, దళారి ఎంతకి కొని కిందికి ఎంతకి పంపాడు, కొండచీపుళ్ల కట్ట ఈ వారం ఎంత, ఇవీ అతని వార్తలు. పండించిన మనిషి పేరు చెబుతాడు, ఆమె చేతే మాట్లాడిస్తాడు, ఆమె దళారిని తిడితే ఆ తిట్టూ ఉంచుతాడు. కిందటేడు అనాస రేటు బాగా పడిపోయినప్పుడు ఆ వీడియోని ఒక చానల్ స్ట్రింగర్‌కి పంపాడు, మీరూ వెయ్యండని. ఇది బాగానే ఉంది గానీ మీ దగ్గర డోలీ వీడియో ఏమైనా ఉంటే పంపు తమ్ముడూ అని అడిగాడట ఆయన. ఇతను మళ్లీ అనాసపండ్ల వీడియోనే పంపాడు, ఈసారి దళారి ఫోన్ నంబరుతో సహా.